చెక్కు ‘కట్’ చేస్తామన్నారు, నేను రద్దు అనుకున్నాను: ఈ కట్‌కి ఎన్ని అర్థాలండీ?

అలిపిరి_కుర్రోడు · తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తున్నాను. అమెరికాలో చిన్న చిన్న దుకాణాల లెక్కలు ఇక్కడ కూర్చుని రాసి పంపే పని. రాత్రి డ్యూటీ. పోయిన బుధవారం ఒక క్లయింటు నుంచి ఒకే ఒక్క లైను మెయిల్ వచ్చింది: ‘వుయ్ విల్ కట్ ద చెక్ ఆన్ ఫ్రైడే.’

నాకు తెలిసిన కట్ ఏంటి? కరెంట్ కట్, ఫోన్ కట్, జీతంలో కట్. ఏదో ఒకటి పోవడమే కదా. చెక్కు కట్ అంటే చెక్కు కూడా పోయినట్టే అనుకున్నాను. షీట్‌లో ఆ బిల్లు ఎదురుగా ఎర్ర రంగు వేసి ‘రద్దు’ అని రాసి, ఒంటిగంటన్నరకి టీమ్ లీడర్‌ని నిద్ర లేపాను. ఆయన నాకంటే ఎక్కువ భయపడి నేరుగా క్లయింటుకే ఫోన్ చేశాడు. అవతలాయన కాసేపు నవ్వి, చెక్కు రాసి పంపుతామని చెప్పడమే అది అన్నాడట.

డిక్షనరీ తెరిచి చూస్తే ఈ ఒక్క మాటకే పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకునేది? ఎవరి దగ్గరైనా లిస్టు ఉంటే పెట్టండి, బట్టీ కొట్టేస్తాను.

సెకండ్_షో · తిరుపతి

కట్ చేస్తే... టీమ్ లీడర్ నిద్ర కట్.

పాత_అయ్యవారు · చిత్తూరు

నాయనా, లిస్టు ఇవ్వను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లిస్టులు ఇచ్చినవాణ్ణి, పరీక్ష అయిన మర్నాడు ఒక్కటీ మిగలదు.

నువ్వు పొరబడింది ఎక్కడో చూద్దాం. మనం ఇంగ్లీషు నుంచి కట్‌ని అరువు తెచ్చుకున్నప్పుడు సగమే తెచ్చుకున్నాం. ఆగిపోయే కట్, తగ్గిపోయే కట్, ఎగ్గొట్టే కట్ తెచ్చుకున్నాం. కరెంటు, ఫోను, జీతం, క్లాసు అన్నీ ఆ సగంలోవే. రెండో సగం అక్కడే ఉండిపోయింది. అందులో కట్ అంటే ఒకటి పోవడం కాదు, ఒకటి పుట్టడం.

తాళం చెవి ఎలా పుడుతుంది? రేకు అంచును పళ్ళు పళ్ళుగా కోస్తే పుడుతుంది, అందుకే వాళ్ళు చెవిని కట్ చేస్తారు. గ్రామఫోను రికార్డు తయారీలో పళ్ళెం మీద సూదితో సన్నటి గాడి కోస్తారు, అందుకని పాట రికార్డు చేయడాన్ని కూడా రికార్డు కట్ చేయడం అన్నారు. కొండలో మెట్లు కట్ చేస్తారు, పొలాల మధ్య కాలువ కట్ చేస్తారు. పసిబిడ్డ పన్ను చిగురును చీల్చుకుని బయటికి వస్తే బిడ్డ టూత్ కట్ చేస్తోంది అంటారు. ఇన్నిట్లో పోయిందేమీ లేదు, వచ్చిందే. నీ చెక్కు కూడా ఈ వరసలోదే.

కొత్తచోట కట్ కనబడితే ఒక్కటే అడుగు: ఈ కోతతో ఏదైనా పోతోందా, వస్తోందా? ముప్పావు వంతు అక్కడే తేలుతుంది.

ఇంకో సంగతి. ఈ మాట ఇంగ్లీషులో సుమారు 1300 ప్రాంతంలో కనబడుతుంది. పుట్టుక స్కాండినేవియా వైపని పండితుల ఊహే తప్ప ఖాయంగా తేల్చినవారు లేరు. అంతకు ముందు కోయడానికి పెద్దమాట ఇవాళ్టి ‘కార్వ్’కి పూర్వరూపం. వెనక వచ్చిన కట్ దాన్ని పక్కకు నెట్టేసి శిల్పానికీ, బల్లమీది కాల్చిన మాంసానికీ పరిమితం చేసింది. కోయడమనే మాటకే కోత పడిందన్నమాట.

కటింగ్_మాస్టర్ · నగరి

అయ్యవారికి నమస్కారం. సగమే తెచ్చుకున్నాం అన్నారే, అది ఆఫీసులోనూ బడిలోనూ నిజమేమో గానీ బజారులో కాదు సార్. మా షాపులో ప్రిన్సెస్ కట్, క్రాస్ కట్, కటోరి కట్ అని రోజూ ఆడవాళ్ళు వచ్చి అడుగుతారు. అక్కడ కట్ అంటే కోసి పారేసింది కాదు, కుదిరిన తీరు. ‘ఆ షాపులో కట్ బాగుంటుంది’ అంటే జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుందని.

మా పనిలో కుట్టేవాడు వేరు, కటింగ్ మాస్టర్ వేరు. కుట్టులో తప్పు పోతే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కత్తెర పడ్డాక చేసేదేమీ లేదు. గుడ్డ కోసినప్పుడే అది చొక్కా అవుతుందా, పిల్లోడి నిక్కరుతో సరిపెట్టుకోవాలా తేలిపోతుంది.

పాత_అయ్యవారు · చిత్తూరు

ఒప్పుకున్నాను మాస్టారూ. నేను బడి గోడ దాటి చూడలేదు.

మీరన్న చివరి మాటలోనే ఒక ఇంగ్లీషు నుడికారం ఉంది. ‘హి ఈజ్ నాట్ కట్ అవుట్ ఫర్ దిస్ జాబ్’ అంటారు. వాడు ఈ పనికి తగిన మనిషి కాడని. ఆ పనికి సరిపడేలా కత్తిరించిన గుడ్డ కాదు వాడు అనుకుంటే మళ్ళీ మరిచిపోరు. గుడ్డ ఉన్నంతకే కోటు కోసుకో అనే సామెత కూడా వాళ్ళకుంది. మనకు కోట్లు ఎక్కడివి, అందుకే మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నాం.

మామిడితోట · దామలచెరువు

నాకు దీనికి తిరగబడ్డ అనుభవం ఉంది. మా పాప ఆరో తరగతి. వేసవి సెలవుల గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసింది. ‘మా తోటలో ఇరవైమంది కూలీలు చెట్లెక్కి మామిడికాయలు కట్ చేస్తున్నారు’ అని రాసిందంట. టీచరమ్మ ఎర్రపెన్నుతో గీత కొట్టి, చెట్టుమీద కూర్చుని ముక్కలు కోస్తారా అని పక్కన రాసింది.

పాప ఏడుస్తూ వచ్చి నన్నడిగింది. మేము కాయ కోసేదానికీ కోతే అంటాం, కత్తితో ముక్కలు చేసేదానికీ కోతే అంటాం కదా. పూలు కోస్తాం, ఆకు కోస్తాం, వరి కోస్తాం, కోడినీ కోస్తాం. ఇంగ్లీషులో చెట్టుమీది కాయకు ‘పిక్’ అనాలంట. అప్పుడు తెలిసింది, తప్పు పాపది కాదు, మా తెలుగుది. మాదీ కట్ లాంటి మాటే, కాకపోతే అది వేరే ఊర్లో మేస్తుంది.

వంటింటి_కబుర్లు · తిరుపతి

అన్నా, తప్పు తెలుగుదేం కాదులే! ఒక్క మామిడికాయనే తీసుకో. చెట్టు నుంచి కోస్తారు. పైన చెక్కు తీస్తాం. పప్పులోకి తరుగుతాం. పచ్చడికి కోరు పట్టాలంటే తురుముతాం. ఆవకాయకి మాత్రం ఎవరూ కోయరు, కొట్టించుకుని వస్తాం, టెంక తెగాలి కదా. మా అత్త అయితే ‘కోసిన ముక్క నాలుగు నెలలకే మెత్తబడుతుంది, కొట్టిన ముక్క ఏడాదంతా గట్టిగా ఉంటుంది’ అంటుంది. అందులో ఎంత నిజమో ఆమెకే తెలియాలి.

మిగతా కూరగాయలూ అంతే. బెండకాయ తరగాలి. మటిక్కాయలు తుంచాలి. వంకాయ గుత్తికూరకైతే నాలుగు పక్కలా చీల్చి తొడిమ వదిలేయాలి. కొబ్బరికాయ కొట్టాలి. మటన్ కొట్టించాలి. మా వంటింట్లో ‘కట్ చెయ్’ అని ఎవరైనా అన్నారంటే వాళ్ళు పుట్టినరోజు కేకు ముందు నిలబడి ఉన్నట్టే లెక్క.

మరి ఇంగ్లీషువాళ్ళు పాపం అన్నిటికీ ఒకటే మాటతో ఎలా వండుకుంటారో!

పాత_అయ్యవారు · చిత్తూరు

అమ్మా, వాళ్ళను మరీ అంత పేదల్ని చేయొద్దు. తరగడానికి ‘చాప్’, పలచగా కోయడానికి ‘స్లైస్’, పాచికల్లా కోయడానికి ‘డైస్’, ఖైమా కొట్టడానికి ‘మిన్స్’, నిలువునా చీల్చడానికి ‘స్లిట్’ ఉన్నాయి. కొమ్మలు కత్తిరిస్తే ‘ప్రూన్’, గడ్డి కోస్తే ‘మో’, రంపంతో కోస్తే ‘సా’. తేడా ఏంటంటే, ఆ మాటల పైన వాళ్ళకు కట్ అనే పెద్ద పందిరి ఉంది. ఏ మాట గుర్తు రాకపోయినా కట్ అంటే పని జరిగిపోతుంది. మనకా పందిరి లేదు. ‘చెరకు తరిగారు’ అంటే నవ్వుతారు, ‘వంకాయ నరికింది’ అంటే ఆ ఇంట్లో గొడవ జరిగిందనుకుంటారు.

బెల్లం_గానుగ · చిత్తూరు

చెరకు నరకడం కూడా కాదు సార్. మా పక్క కొట్టడమే. ‘ఈరోజు చెరకు కొట్టేదానికి మనుషులు రాలేదు’ అంటాం.

మామిడితోట · దామలచెరువు

మా పక్క నరకడం అనే అంటారన్నా. ముప్పై కిలోమీటర్లకే మాట మారిపోతుంది.

బెల్లం_గానుగ · చిత్తూరు

పేపర్లో శేషాచలంలో ఎర్రచందనం నరికారని రాస్తారే, ఆ నరకడం చెట్టుకు. చెరకు చెట్టు కాదు కదా. ఒక్కో గడ మొదట్లో ఒక్క దెబ్బ, అంతే. కొట్టడమే.

నిర్వాహకుడు

చెరకు గొడవ కావాలంటే వేరే దారం తెరవండి. ఇది కట్ దారం. తెంపకండి.

కుప్పం_రాయి · కుప్పం

మాది గ్రానైట్. కొండ దగ్గర రాయిని చీలుస్తారు, ఫ్యాక్టరీలో బ్లాకుని కోస్తాం, ఆ తర్వాత పాలిష్. కోసేదంతా వజ్రపు పళ్ళు తాపడం చేసిన బ్లేడ్లతో. నీళ్ళు పోస్తూనే ఉండాలి, లేదంటే బ్లేడు వేడెక్కిపోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుపుడకలో వజ్రానికి కట్ చూస్తారు కదా, అదే వజ్రంతో మేము బండ కట్ చేస్తాం. తమాషా అనిపించి రాశాను.

కాసులపేరు · తిరుపతి

కుప్పం అన్న మా లైనులోకి వచ్చాడు. వజ్రానికి చూసేవి నాలుగు: బరువు, రంగు, స్వచ్ఛత, కట్. మొదటి మూడు భూమి ఇచ్చేవి, నాలుగోది మనిషి చేసేది. బెల్జియం కట్ అని అడిగేవాళ్ళు చాలామంది కట్ అంటే ఆకారం అనుకుంటారు. కాదు. పలకలు ఏ కోణంలో పడ్డాయన్నదే కట్. మామూలు గుండ్రటి వజ్రానికి 57 పలకలు ఉంటాయి, కింది కొనను కూడా కోస్తే 58. కోణం తప్పితే వెలుగు కిందికి కారిపోయి రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. బరువు పోతుందని లోభపడి సరిగ్గా కోయని రాయి కంటే, బరువు పోగొట్టుకుని సరిగ్గా కోసిన రాయి మెరుస్తుంది. అయ్యవారి లెక్కలో ఇది పోయేదా, వచ్చేదా? రెండూనా?

పాత_అయ్యవారు · చిత్తూరు

ఇరికించారు. రెండూ.

పుత్తూరు_పిల్ల · పుత్తూరు

అందరూ పెద్ద పెద్ద విషయాలు చెప్తున్నారు. నాది చిన్న కథ. బెంగళూరులో హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్మేటు ఉత్తరాది అమ్మాయి. మా తమ్ముడు బండి మీద నుంచి పడి చెయ్యి విరిగిందని ఫోన్ వచ్చింది. ‘కంగారేం లేదు, పుత్తూరు కట్టు కట్టించారు’ అని ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది. చెయ్యి కట్ చేశారా అంది!

ఎముకలు విరిగితే ఎక్కడెక్కడి నుంచో మా ఊరికి వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇవి పెట్టి కదలకుండా కడతారు. ఇంగ్లీషు కట్ విడదీసేది, మా కట్టు విడిపోయినదాన్ని కలిపేది. చెవికి మాత్రం రెండూ ఒకటే. ఈ కట్టుతో మనం ఇల్లు కడతాం, చీర కడతాం, తాళి కడతాం, ఫీజు కడతాం, జట్టు కడతాం. బిల్లు కట్టకపోతే కరెంటు కట్. కట్టించుకునేవాడూ కట్ చేసేవాడూ ఒకే ఆఫీసులో ఉంటారు మళ్ళీ.

సెకండ్_షో · తిరుపతి

అక్కా, ఆ లెక్కన తిరుమలలో కళ్యాణకట్ట? అక్కడ చేసేది కటింగే కదా, అందుకే ఆ పేరని మా ఫ్రెండు ఒకడు ఒట్టేసి చెప్తాడు.

వంటింటి_కబుర్లు · తిరుపతి

మీ ఫ్రెండుకి చెప్పు తమ్ముడూ, చెరువుకట్ట, రచ్చకట్ట ఎలాగో కళ్యాణకట్ట అలాగే. కట్టినది కట్ట. పేరులో కట్టడమే ఉంది, కత్తిరించడం లేదు. క్షౌరం అనే మాట అశుభంగా వినిపిస్తుందని కళ్యాణం అన్నారు. గుడి ఊళ్ళో పుట్టినవాళ్ళం, మాట జారకుండా పెరిగాం. కొండకు పోయి ‘జుట్టు కోయించుకొచ్చా’ అని ఎవరైనా అంటారా? తలనీలాలు ఇచ్చాం అంటారు. ఆడవాళ్ళు కొందరు గుండు కాకుండా మూడు కత్తెర్లు ఇస్తారు. ఇవ్వడమే, తీయడం కాదు. మా అమ్మమ్మ అయితే తాళి తెగిందనేది కాదు, పెరిగింది అనేది. దీపం ఆరిపోయిందని కూడా ఆమె నోటి నుంచి రాదు, కొండెక్కింది అనేది.

పాత_అయ్యవారు · చిత్తూరు

అమ్మ చెప్పింది ముత్యం లాంటి మాట. నాకు వ్యాకరణం గుర్తొచ్చింది, ఓపిక పట్టండి.

గుండు ‘చేసుకున్నాను’, గుండు ‘చేయించుకున్నాను’. తెలుగులో ఆ ‘ఇంచు’ ఒక్కటి చేరితే పని చేసింది వేరేవాళ్ళని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మనవాళ్ళు ‘ఐ కట్ మై హెయిర్’ అనేస్తారు. వినేవాడు అద్దం ముందు కత్తెర పట్టుకుని నువ్వే కోసుకున్నావనుకుంటాడు. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అనాలి. ఆ ‘హ్యాడ్’ మన ‘ఇంచు’ అనుకో. ఇంకా సుఖంగా కావాలంటే ‘గాట్ ఎ హెయిర్‌కట్’. ‘హెయిర్ కటింగ్’ మన బోర్డుల మీద బాగానే ఉంటుంది, బోర్డు మీదే ఉండనీ.

ఇంకా మూడు ముక్కలు. ‘ఐ కట్ ద కాల్’ అని మనదేశంలో అందరం అంటాం, అర్థమవుతుంది. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ‘హంగ్ అప్’ అంటారు. మధ్యలో దానంతటదే తెగిపోతే ‘వుయ్ గాట్ కట్ ఆఫ్’. రెండోది, కటెడ్ అనే మాట లేదు. ఇవాళా కట్, నిన్నా కట్, కోయబడినదీ కట్. పుట్, షట్, హిట్, హర్ట్ అన్నీ ఆ కుటుంబమే. మూడోది, చెట్టును ముందు కట్ డౌన్ చేస్తారు, తర్వాత దుంగలుగా కట్ అప్ చేస్తారు. కింద పడేసి పైకి కోస్తారా అని అడగొద్దు. చెట్టు పడటం డౌన్, ముక్కలు చేసి ముగించడం అప్. ‘ఈట్ అప్’ అంటే మొత్తం తినేయడం, అదే అప్ ఇది.

లేట్_కట్ · తిరుపతి

క్రికెట్టు రాకుండా దారం ముగిస్తారేమోనని చూస్తున్నా. గుండప్ప విశ్వనాథ్ స్క్వేర్ కట్ గురించి మా నాన్న చెప్పేవాడు. బ్యాటు బంతిని కోసేదేం లేదు. అడ్డంగా తిప్పే ఆ విసురుకి కత్తి గుర్తొచ్చి పెట్టిన పేరు. లేట్ కట్ అయితే బంతి దాదాపు కీపర్ చేతుల్లోకి పోతుంటే ఆఖరి క్షణంలో తాకించి పంపడం. బౌలర్లకు కటర్ ఉంది, వేళ్ళను బంతి మీదుగా పక్కకు కోసినట్టు లాగుతారు.

సెకండ్_షో · తిరుపతి

సరే, నేనూ ఒక సీరియస్ పోస్టు పెడతా. షూటింగులో డైరెక్టర్ కట్ అంటే కెమెరా ఆగుతుంది. ఎడిటింగులో కట్ అంటే ఒక షాటు నుంచి ఇంకో షాటుకు దూకడం. రీలును నిజంగానే కోసి అతికించిన రోజుల మాట అది. మేము ‘కట్ చేస్తే’ అనేది ఈ రెండో కట్. ‘కట్ చేస్తే హీరో అమెరికాలో’ అంటే సినిమా ఆగిపోలేదు, పదేళ్ళు దూకేసింది.

పాత తెలుగు సినిమాల టైటిళ్ళలో ఎడిటర్ పేరు ముందు ఏమని వేసేవారో గమనించారా? కూర్పు. అదే మనిషి, అదే బల్ల, అదే కత్తెర. వాళ్ళు కోయడం చూశారు, మనం కూర్చడం చూశాం.

పుత్తూరు_పిల్ల · పుత్తూరు

ఇన్నాళ్ళకి సెకండ్ షో పోస్టుకి లైకు కొట్టాల్సి వచ్చింది.

కీబోర్డు_బాబు · తిరుపతి

కంప్యూటర్లో కట్ కూడా అతికించడానికే కదా. పత్రికల్లో కాగితాన్ని కత్తిరించి జిగురుతో అతికించే పనిని చూసి 1970లలో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు కట్, కాపీ, పేస్ట్ తయారుచేశారు. ఇప్పుడు దానికి ఉన్నది ఎక్స్ మీట, తెరిచిన కత్తెరలా ఉంటుంది. కట్ కొడితే ఉన్నచోట మాయమవుతుంది గానీ పేస్ట్ కొట్టేదాకా లోపల దాగి ఉంటుంది. ఈలోపు ఇంకోటి కట్ కొట్టారో, మొదటిది గోవిందా. మా ఆఫీసులో నలభై లైన్లు అలా పోగొట్టాను, ఆ కథ ఇంకోసారి.

అలిపిరి_కుర్రోడు · తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. లిస్టు అడిగితే తోట చూపించారు. శుక్రవారం చెక్కు ఫోటో పంపారు, షీట్‌లో ఎరుపు తీసి పచ్చ వేశాను. నిన్న మరో మెయిల్‌లో ‘దే కట్ కార్నర్స్’ అని ఉంది. అయ్యవారి సూత్రం పెట్టి చూశాను: మూల కోస్తే ఏం పోతుంది? దూరం పోతుంది. అంటే షార్ట్‌కట్ లాంటిదని, శ్రీవారి మెట్టు నుంచి కొండెక్కినట్టని అనుకున్నాను. కరెక్టేనా సార్?

పాత_అయ్యవారు · చిత్తూరు

దగ్గరికొచ్చి జారావు నాయనా. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అది షార్ట్‌కట్, అందులో తప్పేం లేదు, స్వామి రెండు దారుల్లోనూ పలుకుతాడు. కట్ కార్నర్స్ అంటే ఖర్చో శ్రమో మిగుల్చుకోవడానికి చేయాల్సిన పని ఎగ్గొట్టడం. సిమెంటు తగ్గించి కట్టిన గోడ. మనకు ‘అడ్డదారి’ ఒక్కటే రెండిటికీ సరిపోతుంది, పలికే గొంతును బట్టి అర్థం మారుతుంది. మెయిల్‌కి గొంతు ఉండదు కాబట్టి ఇంగ్లీషులో రెండు మాటలు.

మీ క్లయింటు ఎవరినో తిడుతున్నాడు. ఆ ‘వాళ్ళు’ మీరు కాదు కదా, పై లైను చూసుకో.

అలిపిరి_కుర్రోడు · తిరుపతి

చూశాను సార్. ఇంకో కంపెనీ. అమ్మయ్య.

కటింగ్_మాస్టర్ · నగరి

ఒక అనుమానం. ‘కోతలు కోస్తున్నాడు’ అంటే గొప్పలు చెప్పుకోవడం కదా. ఇంగ్లీషులో కట్‌కి ఆ అర్థం ఉందా సార్? మా షాపులో ఒకాయన ఉన్నాడు, ఆయన కోసిన గుడ్డ కంటే కోసిన కోతలే ఎక్కువ.

పాత_అయ్యవారు · చిత్తూరు

లేదు, అది మన సొంత ఆస్తి. అలాగే కడుపుకోత కూడా వాళ్ళకు పోదు. కానీ ఒకచోట మాత్రం రెండు భాషలూ ఎదురుపడ్డాయి. వాళ్ళు ఒప్పందం కుదిరితే ‘కట్ ఎ డీల్’ అంటారు. మనం?

మామిడితోట · దామలచెరువు

బేరం తెగింది అంటాం!

అయ్యవారూ, భలే దొరికింది. తెగితే కుదిరినట్టు. ఇన్నేళ్ళుగా అంటున్నా, తెగడమంటే కోయడమే కదా అని ఎప్పుడూ తోచలేదు.

సరే, నేను పోవాలి. తోతాపురి కోత మొదలైంది, లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. రసం ఫ్యాక్టరీ తరఫు మనిషి పొద్దున్నుంచి టీలు తాగుతున్నాడు గానీ ధర దగ్గర కదలడం లేదు. ఇంకా తెగలేదు.